అద్దంలోంచి ఎండ

ఆ వేసవి మొదట్లో మా మరిది రెండు మెట్లు దిగబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండే మెట్లు. పసిపిల్లలు ఆడుకుంటూ దూకే మెట్లు. జారలేదు, ఎవరూ తోయలేదు. కాలు కింద పెట్టాడు, మోకాలి కింద ఎముక పుటుక్కుమంది. ఆ చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినపడింది. అద్దాల షాపులో పనిచేసేదాన్ని, ఏది ఎలా విరిగితే ఎలాంటి చప్పుడొస్తుందో నాకు తెలుసు. ఇంత తేలిగ్గా విరగాల్సింది కాదు అనుకుంటూనే పరుగెత్తాను.

మరిదికి అప్పటికి ముప్పై ఏళ్ళు. పుట్టుకతోనే అతని ఒంట్లో రంగు లేదు. జుట్టు, కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు, అన్నీ తెలుపే. చూపూ అంతంతమాత్రం. చిన్నప్పుడు వీధి పిల్లలు తలుపు సందులోంచి తొంగిచూసి సుద్దముక్క అని పేరు పెట్టారట. అతనికి ఆ పేరంటే కోపం లేకపోగా, సుద్దముక్క లేకుండా పలకలన్నీ ఏం చేస్తాయి వదినా అని నన్నే నవ్వించేవాడు. పేము కుర్చీలకు అల్లిక వేయడం అతని పని. నానబెట్టిన పేము బద్దను వేలితో తడుముకుంటూ, ముక్కు కుర్చీకి ఆనించి, ఒక్కో చిల్లులోంచి లాగి బిగించేవాడు. అతను అల్లిన కుర్చీలో ఎంత లావుపాటి మనిషి కూలబడ్డా కిర్రుమనేది కాదు.

మా అత్తయ్య అతన్ని ఎండ కన్నెరగకుండా పెంచింది. ఊరికే మాటకు అనడం లేదు. నిజంగానే. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి బట్టలుతికే చోట పనిచేసిన మనిషి, సెలవురోజు కూడా తెల్లారకముందే అతని పనులన్నీ ముగించి తలుపులు వేసేది. వేసవిలో కూడా మణికట్టు దాకా చేతులున్న చొక్కాలే. ఇంకో కట్టడి కూడా ఉండేది ఆ ఇంట్లో. అతని రంగు గురించి బయటివాళ్ళ దగ్గర ఎవరూ నోరెత్తకూడదు. జాలి చూపులు పడలేక పెట్టిన కట్టడి అది. కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే నాకు ఆ సంగతి చెప్పారు, నేనూ తలూపాను.

తలూపానే గాని, నేనూ ఊరుకునే రకం కాదు. నేనొచ్చేనాటికి మరిది పనిచేసుకునే వెనక గదికి చెక్క తలుపుల కిటికీ ఉండేది, ఎప్పుడూ మూసే ఉండేది. గుడ్డి బల్బు కింద అతను కళ్ళు చికిలించుకుని అల్లుతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. నాలుగో రోజునే కొలత తీసుకున్నాను. మా షాపులో ఐదు ఎం.ఎం. తెల్ల అద్దం ఎంచి, నా చేత్తోనే కోసి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి బిగించాను. అత్తయ్య నిప్పులు చెరిగింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని అద్దం మీద ఆనించి, ఎండ బయటే ఆగుతుంది అత్తయ్యా, వెలుతురొక్కటే లోపలికొస్తుంది అన్నాను. మరిది తన ముక్కాలి పీట జరుపుకుని ఎడమ భుజం కిటికీ వైపు పెట్టి కూర్చున్నాడు. చేతిలో కుర్చీ చట్రాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, చిల్లులు కనపడుతున్నాయి వదినా అన్నాడు. అత్తయ్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు ఆ పీట మీదకు తనే ఒక ఎర్ర మెత్త కుట్టి వేసింది. ఆ ఇంట్లో నా మాట చెల్లడం ఆ అద్దంతోనే మొదలైంది. ఎనిమిదేళ్ళు దాన్ని చూసుకుని మురిసిపోయాను. ఆదివారం ఆదివారం కాగితం ముక్కతో నేనే తుడిచేదాన్ని.

కాలికి కట్టు కట్టించాక, రక్తపరీక్ష కాగితాలు తెచ్చుకోవడానికి ఎముకల ఆసుపత్రికి నేనొక్కదాన్నే వెళ్ళాను. మా ఆయన లిఫ్టుల మెకానిక్కు, ఎక్కడో పదో అంతస్తులో ఇరుక్కున్నాడు. అత్తయ్య కొడుకు మంచం వదిలి కదలదు. కట్టు కట్టిన డాక్టరు ఆ రోజు లేడు, ఇంకొకాయన ఉన్నాడు. మరిదిని ఆయన ఎన్నడూ చూడలేదు. కాగితాలే చూశాడు.

"వయసు ముప్పై అంటున్నారు, ఎముకలేమో ముసలివాళ్ళ ఎముకల్లా ఉన్నాయి," అన్నాడు. "డి విటమిన్ దాదాపు లేనట్టే. ఈయన ఎండలోకి రాడా?"

"రాడు సార్."

"ఎందుకని?"

చెప్పాల్సింది అక్కడే. ఒక్క మాట. పుట్టుకతో ఒంట్లో రంగు లేదు సార్ అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"వాళ్ళమ్మ రానివ్వదు," అన్నాను.

ఆయన నవ్వాడు. వారానికో పొట్లం చొప్పున పాలలో కలుపుకునే పొడి రాసి, దాని కింద, పొద్దున్నే అరగంట చేతులకీ వీపుకీ ఎండ తగలాలి అని పెద్దక్షరాలతో రాసి కింద గీత గీశాడు. ఇంటి కట్టడి నా నోరు కట్టేసిందని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ జవాబు నాకు నచ్చింది. అత్తయ్యది చాదస్తమని ఎనిమిదేళ్ళుగా నేను అనుకుంటున్నదాన్నే పెద్దమనిషి ఒకాయన కాగితం మీద రాసి గీత గీసి ఇచ్చాడు. దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని, గెలిచినదానిలా ఇంటికొచ్చాను.

అత్తయ్య కాగితం చదివించుకుని విన్నది.

"వాణ్ణి చూసి రాశాడా, కాయితాన్ని చూసి రాశాడా?" అంది.

"ఎముక చూశాడు, రక్తం చూశాడు. ఇంకేం చూడాలి అత్తయ్యా?"

ఆ తరవాత ఇంట్లో రెండు రోజులు ఎవరం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు. మా ఆయన కుక్కిన పేనులా పడి ఉన్నాడు. అమ్మ వైపు మాట్లాడితే నాతో పేచీ, నా వైపు మాట్లాడితే అమ్మతో. నేను మాత్రం తగ్గలేదు. మీ కాపలా వల్లే ఎముకలు గుల్లయ్యాయి అని అత్తయ్య మొహం మీదే అన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. చివరికి తేల్చింది మరిదే. "ఒక్కసారి చూస్తానే అమ్మా, ఎలా ఉంటుందో," అన్నాడు. ముప్పై ఏళ్ళవాడు ఎండ ఎలా ఉంటుందో చూస్తానని అడిగితే ఏ తల్లి కాదంటుంది? ఆ ఆదివారం పొద్దున అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి నేనూ మా ఆయనా డాబా మీదకు మోశాం.

అక్కడేముంది, రెండు నీళ్ళ ట్యాంకులు, బట్టల తీగలు, పగిలిన తొట్టె ఒకటి. అతను మాత్రం పెళ్ళిపందిట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. చొక్కా విప్పాడు. అతని వీపు అంత తెల్లగా ఉంటుందని నాకూ తెలియదు. కళ్ళు మూసుకుని మొహం ఎండకేసి ఎత్తాడు.

"ఎండకి బరువుంటుందా వదినా?" అన్నాడు తరవాత. "భుజం మీద ఎవరో చెయ్యేసినట్టుంది."

అరగంట గంటయింది, గంట రెండు గంటలయింది. రెండో వారానికి పేము బద్దలు, నానబెట్టే బకెట్టు, కుర్చీ చట్రాలు అన్నీ పైకి చేరాయి. కట్టు కాలు బారజాపుకుని అల్లుకునేవాడు. పక్క డాబా మీద పరుపులు ఎండేసే ముసలాయనతో నేస్తం కట్టాడు. నా జుట్టు తెల్లబడ్డానికి డెబ్భై ఏళ్ళు పట్టింది, నీకేం తొందరొచ్చిందయ్యా అని ఆయన అడిగితే, ఇద్దరూ నవ్విన నవ్వు కింద నా వంటింట్లోకి వినపడింది. అతను అలా నవ్వగా నేను అంతకుముందు వినలేదు. ఇంత సంబరాన్ని ఇన్నేళ్ళు తలుపులేసి దాచిందే ఈవిడ అని అత్తయ్య మీద కసి కూడా పుట్టింది నాకు. అది తప్పని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పుట్టింది.

అత్తయ్య రోజూ గొడుగు పట్టుకుని పైకొచ్చి అతని వెనక నిలబడేది. గొడుగు నీడ మీద పడగానే అతను కుర్చీ జరుపుకునేవాడు. ఆవిడ ఇంకో అడుగు వేసేది, అతను ఇంకాస్త జరిగేవాడు. ఇద్దరూ అలా డాబా అంతా తిరిగేవారు. వీపు ఎర్రబడితే రక్తం పడుతోందన్నాను. పొరలు లేస్తే, పాత తోలు పోయి కొత్తది వస్తుందిలే అని నూనె రాశాను. రాత్రి పక్కకు ఒత్తిగిల్లలేక మూలుగుతున్నాడని మా ఆయన చెప్పినా, మొదట్లో అలాగే ఉంటుంది, అలవాటవుతుంది అన్నాను. ఎవరు నేర్పారు నాకు ఆ మాటలు? ఎవరూ నేర్పలేదు. నోటికొచ్చింది అనేయడమే.

ఐదో వారంలో ఒకరోజు చెమటకు కళ్ళజోడు జారిపోతుంటే తీసి తుడవమని నా చేతికిచ్చాడు. దాని ఎడమ కాడకు అత్తయ్య దూది చుట్టి దారంతో కట్టింది. ఇదేమిటని చెవి వైపు చూశాను. చెవి పై అంచున, వెనక వైపు, చిటికెనవేలి గోరంత పుండు. చుట్టూ గట్టిగా గట్టు కట్టి, మధ్యలో చెక్కు లేచి, తడిగా ఉంది.

"ఎప్పట్నించి ఇది?"

"చలికాలం నించి. జోడు ఒరుసుకుందట. అమ్మ మందు రాస్తోంది."

దడదడా కిందికి దిగి అత్తయ్యను నిలదీశాను. చలికాలం నించి మానని పుండును ఎలా దాచారు, నాకు చెప్పొద్దా అని. ఎంత మాట పడితే అంత మాటా అనే ఉంటాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది, తలెత్తలేదు. "ముప్పై ఏళ్ళు వాడి ఒంటి మీద ఈగ వాలకుండా కాపాడానని అందరికీ చెప్పుకున్నదాన్ని. వాడి మీద పుండుందని నీకెలా చెప్పను?" అంది. నా దగ్గర చిన్నబోవడం ఇష్టంలేక ఆవిడా, ఆవిడ మీద గెలవాలని నేనూ. మధ్యలో ఉన్నది అతని చెవి.

చర్మం ఆసుపత్రిలో రోగితోపాటు ఒక్కరినే లోపలికి రానిచ్చారు. అత్తయ్య బయట బల్ల మీద కూర్చుంది. చేతికర్ర మీద వాలి నడుస్తున్న మరిదిని పట్టుకుని నేను వెళ్ళాను. డాక్టరమ్మ నడివయసు మనిషి. పుండును భూతద్దంలో చూసింది. తరవాత చెవి కింద నుంచి మెడ మీదుగా వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చింది. ఒకచోట ఆవిడ వేళ్ళు ఆగాయి. మళ్ళీ అక్కడే నొక్కింది.

"ముక్క తీసి పరీక్షకి పంపాలి. నాకైతే క్యాన్సర్ లాగే కనిపిస్తోంది. మెడలో గడ్డ కూడా ఉంది," అంది. "ఎండలో పనా?"

ఈసారి నేనేమీ దాచలేదు. తలుపులు, పొడుగు చేతుల చొక్కాలు, విరిగిన కాలు, నేను ఎముకల డాక్టరుకు చెప్పని మాట, డాబా, ఐదు వారాలు, అన్నీ వెళ్ళగక్కాను. ఆవిడకు ఒళ్ళు మండింది. "ఇతన్ని ఎండలో కూర్చోబెట్టారా? ఎముకలకి ఆ పొడి చాలమ్మా, వారానికో పొట్లం. మీకూ నాకూ కాస్త ఎండ మంచిదే. ఇతనికి ఆ కాస్త కూడా వద్దు," అంది. నేను ఏడవడం మొదలుపెట్టాను. అప్పుడావిడ కొంచెం తగ్గి, ఇది ఐదు వారాల్లో వచ్చింది కాదని, ఏళ్ళ తరబడి తగిలితే వచ్చేదని చెప్పింది. అబద్ధమాడనెందుకు, ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎడమ చెవే ఎందుకు?" అంది ఆవిడ, సగం తనలో తనే. "పని చేసేటప్పుడు ఎటు కూర్చుంటావు బాబూ?"

"కిటికీ పక్కన. ఎడమ పక్క కిటికీ."

"తెరిచి ఉంటుందా?"

"లేదండీ. అద్దం. ఎనిమిదేళ్ళ నించీ."

ఆవిడ కలం కింద పెట్టింది. అద్దం ఎండను మొత్తం ఆపదని, ఎముకలకు పనికొచ్చే భాగాన్ని మాత్రం బయటే ఆపేసి, చర్మాన్ని లోతుగా పాడుచేసే భాగాన్ని లోపలికి వదిలేస్తుందని, చిన్నపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "ఇదొక్కటే కారణమని నేననను. చిన్నప్పుడు తగిలిన ఎండా ఉంటుంది, ఎంత కాచినా కొంత తగులుతుంది. కానీ ఎనిమిదేళ్ళు రోజూ అంటే, ఇదీ అందులో కలిసింది. ఆ అద్దానికి ఫిల్మ్ అయినా అంటించి ఉండాల్సింది."

ఫిల్మ్ అంటే ఎండను ఆపే పల్చటి ప్లాస్టిక్ పొర, అది మా షాపులోనే ఉంటుంది. చుట్టలు చుట్టలుగా, నా తలకు పైన ఉండే అరలోనే. కొత్త ఇళ్ళవాళ్ళకు దాన్ని అమ్మేటప్పుడు నేను చెప్పే మాట ఒకటుంది. కిటికీ పక్కన సోఫా ఉందా అండీ, అయితే ఫిల్మ్ వేయించుకోండి, లేకపోతే రెండేళ్ళలో సోఫా గుడ్డ వెలిసిపోతుంది. ఎన్ని వందల మందికి చెప్పానో ఆ మాట. మా ఇంట్లో కిటికీ పక్కన పీట మీద ఎర్ర మెత్త ఉంది. అద్దం వైపున్న పక్క వెలిసి బిస్కట్ రంగుకు తిరిగింది. ప్రతి ఆదివారం అద్దం తుడుస్తూ దాన్ని చూశాను. చూసి, అద్దం మీద వేలిముద్రలేమైనా మిగిలాయేమోనని వెతుక్కున్నాను.

బయటికి రాగానే అత్తయ్య లేచి నిలబడింది. ఏమంది, దేనివల్లట అని నన్నే అడిగింది. మరిది చేతికర్ర సర్దుకుని ముందుకొచ్చాడు.

"చిన్నప్పటి ఎండట అమ్మా. నువ్వు పనికెళ్ళాక వీధిలోకి పారిపోయేవాణ్ణి, నీకు చెప్పలేదు. అదే ఇప్పుడిలా తేలిందట."

అత్తయ్య అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "అలాగా," అంది. అంతే.

ఆ సాయంత్రమే ఫిల్మ్ తెచ్చి అద్దానికి అంటించాను. ఎందుకని అత్తయ్య అడిగితే, గది చల్లగా ఉంటుందని అన్నాను. ఆవిడ వెళ్ళాక మరిది దగ్గర కూలబడి, ఎందుకలా చెప్పావు, నిజం చెప్పి నన్ను నాలుగు తిట్టించినా బాగుండేది కదా అన్నాను. అతను పేము బద్ద బిగిస్తున్నాడు. "నేను పోయాక మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి వదినా," అన్నాడు. పోవడమేమిటని నేను కసిరాను. అతను నవ్వి, ఇంకో మాట చెప్పనా అని, డాబా మీద ఐదు వారాలు మాత్రం నాకు కావాలి, వాటిని తప్పని అనకు అన్నాడు. అది నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

వానలు మొదలయ్యే రోజుల్లో చెవి తీసేశారు. మెడలో గడ్డలూ తీశారు. కాలి ఎముక మాత్రం ఆ పొట్లాలతో చక్కగా అతుక్కుంది. చేతికర్ర అవతల పారేసి నడిచాడు. ఎముకల ఆసుపత్రిలో కొత్త ఎక్స్‌రే చూసి భేష్ అన్నారట. ఒక పక్క చెవి లేక కళ్ళజోడు నిలవకపోతే, దారం కట్టి తల చుట్టూ ముడేసుకున్నాడు. ఇప్పుడు ఏ గాలికీ పడదు చూడు అన్నాడు. పనికి ఒప్పుకున్న కుర్చీలన్నీ పూర్తిచేశాడు. చలి ముదిరే వేళకు దగ్గు మొదలైంది. ఊపిరితిత్తుల్లోకి పాకిందన్నారు. ఆ తరవాత ఆరు వారాలే ఉన్నాడు.

అతను పోయిన నెలకు అత్తయ్యకు మోకాళ్ళు పట్టేశాయి. అదే ఎముకల ఆసుపత్రి, అదే పరీక్ష. కొడుకుతోపాటు తలుపులు వేసుకుని బతికిన మనిషికి ఎండ ఎక్కడిది? పొడి రాసి, పొద్దున్నే కాసేపు ఎండలో కూర్చోమన్నారు. మర్నాడు చూస్తే ఆవిడ వెనక గదిలో, అతని పీట మీద, కిటికీకి ఎడమ పక్క ఇచ్చి కూర్చుని ఉంది. మర్నాడూ అంతే. వారం రోజులు నోరు మూసుకుని చూశాను. ఒకసారి నోరు మూసుకుని ఏం చేశానో గుర్తొచ్చింది. ఎనిమిదో రోజు వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అత్తయ్యా, అద్దంలోంచి వచ్చే ఎండతో ఎముకలకి ఏమీ ఒరగదు. బయట కూర్చోవాలి. ఈ అద్దం..."

"తెలుసు," అంది. "ఆ రోజు డాక్టరమ్మ గది తలుపు సరిగ్గా మూసుకోలేదు."

మరి ఒక్క మాట కూడా అనలేదేం అని అడిగాను.

"వాడు చిన్నప్పుడు గడప దాటలేదు. నాకు తెలియదా? ఊహ తెలిశాక వాడు నాతో ఆడిన అబద్ధం అదొక్కటే. వాడి ఎదుట దాన్ని ఎలా కాదనను?"

"ఇప్పుడైనా నన్ను అనండి," అన్నాను.

ఆవిడ పక్కకు ఒరిగి, కింద ఉన్న మెత్తను లాగి ఒళ్ళో పెట్టుకుంది. వెలిసిన పక్కను నా వైపు తిప్పింది.

"ఇది చూశావా ఎప్పుడైనా?"

"చూశాను."

నాకు రావాల్సిన మాట కోసం తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ ఆ బిస్కట్ రంగు మీద బొటనవేలితో రాస్తూ ఉంది.

"నేనూ చూశాను. వారం వారం దీన్ని ఉతికింది నేనే కదా. ఉతికి ఉతికి వెలిసిందిలే అనుకున్నాను. ఉతికితే గుడ్డంతా వెలుస్తుంది, ఒక పక్కే వెలవదు. ముప్పై ఏళ్ళు బట్టలుతికినదాన్ని, ఆ మాత్రం నాకు తెలియదా?"